పోర్ట్ ఎలెన్: ఎవరికీ అక్కర్లేని విస్కీ అంత ఖరీదు ఎలా అయింది?

విస్కీ సీసా మీద 25 ఏళ్ళు అని చూస్తుంటాం కదా. అది ఓక్ పీపాలో గడిపిన కాలం. సీసాలోకి వచ్చాక దాని వయసు ఇక పెరగదు.

ఇప్పుడు కథలోకి వెళ్దాం. స్కాట్లాండ్‌లో ఐలా అనే దీవి. అక్కడ 1825లో మొదలైన డిస్టిలరీ పోర్ట్ ఎలెన్. 1970లలో డిమాండ్ పెరుగుతూనే ఉంటుందని స్కాచ్ కంపెనీలు విపరీతంగా తయారుచేశాయి. తర్వాత మాంద్యం వచ్చింది, గోడౌన్లలో సరుకు పేరుకుపోయింది. 1983లో చాలా డిస్టిలరీలతో పాటు దీనికీ తాళం పడింది. ఎంతోమందికి పని పోయింది. నేను ఐటీలో చేసినవాణ్ణి, ముందు ఓవర్ హైరింగ్, తర్వాత లేఆఫ్స్... ఈ కథ నాకు బాగా తెలుసు!

పీపాలు మాత్రం మిగిలాయి. ఏటా సుమారు 2 శాతం ఆవిరైపోతుంది. దాన్ని 'దేవదూతల వాటా' అంటారు. మిగిలినది చెక్క నుంచి రంగు, వెనిలా వాసన పట్టుకుంటుంది. బార్లీని పీట్ మట్టి పొగలో ఆరబెడతారు కాబట్టి పొగ రుచీ ఉంటుంది. అందుకే తెలిసినవాళ్ళు ముందు వాసన చూస్తారు, రెండు చుక్కల నీళ్ళు కలిపి మళ్ళీ చూస్తారు, ఆ తర్వాతే చిన్న గుక్క.

కొత్త సరుకు రాదు, ఉన్నది తరిగిపోతోంది. దాంతో రేటు ఆకాశానికెళ్ళింది. 2024లో డిస్టిలరీని మళ్ళీ తెరిచారు.

దేవదూతలకి వాటా అందింది సరే, 1983లో ఇంటికెళ్ళినవాళ్ళ వాటా ఏది? కామెంట్లో చెప్పండి.