తూటా పునర్నింపు

తూటా పునర్నింపు అనగా ఒకసారి కాల్చిన తూటా యొక్క ఖాళీ ఇత్తడి గుల్లను శుభ్రపరచి, అందులో కొత్త ప్రైమరును, మందును, గుండును అమర్చి తిరిగి వాడుకకు సిద్ధం చేయడం. దీనిని హ్యాండ్‌లోడింగ్ అని, రీలోడింగ్ అని కూడా అంటారు. అమెరికా, కెనడా, దక్షిణాఫ్రికా వంటి దేశాలలో మాగ్నమ్ తరగతి వేట రైఫిళ్ళు కలవారు దీనిని ఎక్కువగా చేస్తారు. భారతదేశంలో లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడం తీవ్రమైన నేరం. అయినప్పటికీ ఈ విద్య చరిత్రకు, భారతదేశపు ఆయుధ చట్టాలకు, లోహశాస్త్రానికి దగ్గరి సంబంధం ఉంది.

తూటాలోని భాగాలు

వాడుకలో తూటా, గుండు, బుల్లెట్ అనే మాటలను ఒకే అర్థంలో వాడడం కద్దు. నిజానికి తూటా అంటే నాలుగు భాగాలు కలిసిన మొత్తం.

1. గుల్ల: మిగిలిన మూడింటినీ ఇముడ్చుకొనే లోహపు గొట్టం. సాధారణంగా 70 శాతం రాగి, 30 శాతం తుత్తునాగం (జింకు) కలిసిన ఇత్తడితో చేస్తారు.

2. ప్రైమరు: గుల్ల అడుగున ఉండే చిన్న మూత వంటిది. తుపాకి సూది తగలగానే నిప్పురవ్వ పుట్టించి మందును అంటిస్తుంది.

3. మందు: మండి వాయువుగా మారి గుండును ముందుకు నెట్టే పదార్థం. పాత కాలంలో సురేకారం, గంధకం, బొగ్గు కలిపిన తుపాకిమందు వాడేవారు. ఇప్పుడు నైట్రోసెల్యులోజుతో చేసిన, పొగ అంతగా రాని మందు వాడతారు.

4. గుండు: గొట్టం గుండా బయటకు పోయేది ఇదొక్కటే. ఎక్కువగా సీసంతో చేసి, పైన రాగి తొడుగు వేస్తారు.

కాల్చినప్పుడు ప్రైమరు, మందు ఖర్చయిపోతాయి, గుండు వెళ్ళిపోతుంది. గుల్ల మాత్రం మిగులుతుంది. తూటా ఖరీదులో ఎక్కువ భాగం ఈ గుల్లదే. పునర్నింపుకు మూలకారణం ఇదే. అయితే .22 రిమ్‌ఫైర్ వంటి చిన్న తూటాలలో అంటించే పదార్థం గుల్ల అంచులోనే ఉంటుంది కాబట్టి వాటిని సాధారణంగా తిరిగి నింపరు.

మాగ్నమ్ అంటే ఏమిటి?

మాగ్నమ్ అనేది 'గొప్ప', 'పెద్ద' అనే అర్థమిచ్చే లాటిన్ మాట. పెద్ద ద్రాక్షసారా సీసాకు వాడుకలో ఉన్న ఈ పేరు, అదే వ్యాసం గల మామూలు తూటాలకన్నా ఎక్కువ మందు పట్టే తూటాలకు వచ్చింది. వీటిలో మిక్కిలి ప్రసిద్ధమైనది లండనుకు చెందిన హాలండ్ అండ్ హాలండ్ సంస్థ 1912లో ప్రవేశపెట్టిన .375 మాగ్నమ్. దీని గుండు వ్యాసం సుమారు 9.5 మిల్లీమీటర్లు. గుల్ల అడుగు భాగాన మొలత్రాడు వలె ఒక పట్టీ ఉంటుంది. తూటా తుపాకి గదిలో ఎంతవరకు దూరాలో నిర్ణయించేది ఈ పట్టీయే. తరువాత వచ్చిన .458 విన్‌చెస్టర్ (1956), .300 విన్‌చెస్టర్ (1963) మాగ్నమ్ తూటాలకు కూడా ఇటువంటి పట్టీయే ఉంది.

గుండు, మందుల బరువును గ్రెయిన్లలో చెబుతారు. ఒక గ్రెయిను 64.8 మిల్లీగ్రాములు. మన కంసాలులు బంగారం తూచడానికి వాడిన గురివింద గింజ ఎత్తులో ఇది సగానికి కొంచెం ఎక్కువ. .375 మాగ్నమ్‌లో వాడే 300 గ్రెయిన్ల గుండు బరువు 19.4 గ్రాములు, అనగా ఒకటిన్నర తులానికి పైమాట. ఇది సెకనుకు సుమారు 760 మీటర్ల వేగంతో బయలుదేరుతుంది. అప్పుడు దాని గతిశక్తి సుమారు 5600 జౌళ్ళు. ఈ తూటాకు అనుమతించిన గరిష్ఠ పీడనం 4300 బార్లు, అంటే వాతావరణ పీడనానికి నాలుగు వేల రెట్లకు పైగా. కారు టైరులోని గాలి పీడనం రెండు బార్లకు అటూ ఇటూగా ఉంటుందని గుర్తుంచుకుంటే ఈ అంకె ఎంతటిదో తెలుస్తుంది. కాల్చేవాని ముఖానికి కొన్ని అంగుళాల దూరంలో ఇంతటి పీడనాన్ని బంధించి ఉంచేది పలుచని ఇత్తడి గుల్ల, దాని చుట్టూ ఉన్న ఉక్కు మాత్రమే.

ఎందుకు చేస్తారు?

ఖర్చు తగ్గించుకోవడం మొదటి కారణం. తన రైఫిలుకు సరిపడే గుండును, వేగాన్ని ఎంచుకొని గురి మెరుగుపరచుకోవడం రెండవది. మూడవది, కొన్ని పాత రైఫిళ్ళకు తూటాలు దొరకకపోవడం. ఇంగ్లాండుకు చెందిన కైనాక్ తూటాలు ఒకప్పుడు ఆసియా, ఆఫ్రికా ఖండాల వేటగాళ్ళందరికీ పరిచితం. 1960వ దశకంలో పెద్ద వేట తూటాల తయారీ ఆగిపోవడంతో, ఆ కాలపు జంట గొట్టాల రైఫిళ్ళు కలవారు పునర్నింపుపై ఆధారపడవలసి వచ్చింది.

ఇత్తడికి గల పరిమితులు

తూటా పేలగానే గుల్ల ఉబ్బి తుపాకి గది గోడలకు అంటుకొని వాయువు వెనుకకు రాకుండా అడ్డుకుంటుంది. పీడనం తగ్గగానే కొద్దిగా ముడుచుకొని సులభంగా బయటకు వస్తుంది. సాగే గుణం, తిరిగి ముడుచుకొనే గుణం రెండూ ఉండడం వలననే ఇత్తడిని ఎన్నుకున్నారు. అయితే కాల్చిన ప్రతిసారీ, తిరిగి పాత కొలతకు నొక్కిన ప్రతిసారీ ఇత్తడి గట్టిపడి పెళుసుబారుతుంది. కంచరి వాడు బిందెను కొట్టేటప్పుడు మధ్యమధ్య కాల్చి మెత్తబరిచేది ఇందుకే. గుల్ల మెడ భాగాన్ని కూడా ఇదే విధంగా వేడిచేసి మెత్తబరుస్తారు. అడుగు భాగాన్ని మాత్రం వేడి చేయరాదు. అది మెత్తబడితే పీడనానికి తట్టుకోలేదు.

పట్టీ గల మాగ్నమ్ గుల్లలకు ఇంకొక చిక్కు ఉంది. తూటాను ఆపేది పట్టీ కావడం వలన భుజం వద్ద కొంత ఖాళీ మిగలవచ్చు. కాల్చినప్పుడు గుల్ల ఆ ఖాళీలోకి సాగి, పట్టీకి కొంచెం పైన గోడ పలుచబడుతుంది. ఇలా కొన్నిసార్లు జరిగాక గుల్ల అక్కడే రెండుగా తెగవచ్చు. అప్పుడు వేడి వాయువు తుపాకి వెనుక భాగంలోకి చొచ్చుకువస్తుంది.

ఒక మందుకు బదులు ఇంకొకటి పడడం, రెండుసార్లు మందు పోయడం, గుండును లోతుగా దిగగొట్టడం వంటివి పీడనాన్ని ఒక్కసారిగా పెంచివేస్తాయి. పీడనం హద్దు దాటిన సంగతి కంటికి ముందుగా కనబడదు. ప్రైమరు చదునుగా అణగిపోవడం, గుల్ల గదిలో బిగుసుకుపోవడం వంటి గుర్తులు కనబడేసరికే హద్దు దాటిపోయి ఉంటుంది. ఈ కారణం చేతనే విదేశాలలో సైతం తయారీదారులు పరీక్షించి ప్రకటించిన పట్టికలను దాటి పోరాదనే నియమం ఉంది.

భారతదేశపు వాతావరణం నేర్పిన పాఠాలు

మొదటి పాఠం ఎండ నేర్పింది. 1889లో బ్రిటనులో కనుగొన్న కార్డైట్ అనే మందు వేడికి త్వరగా మండి పీడనాన్ని పెంచుతుంది. అందువలన ఉష్ణదేశాలకు పంపే వేట తూటాలలో మందు పాలు తగ్గించి నింపేవారు. చలిదేశంలో సరిపోయిన కొలత దక్కను వేసవిలో సరిపోదు.

రెండవ పాఠం వాన నేర్పింది. బ్రిటిషు సైన్యం వర్షాకాలంలో గుర్రపుసాలలలో నిలువ చేసిన తూటాల ఇత్తడి గుల్లలు ఎవరూ తాకకుండానే పగిలిపోయేవి. గుర్రాల మూత్రం నుండి వెలువడే అమ్మోనియా, గాలిలోని తేమ, గుల్లను తయారుచేసేటప్పుడు లోహంలో నిలిచిపోయిన ఒత్తిడి – ఈ మూడూ కలిసినందు వలన ఇలా జరిగిందని 1921లో శాస్త్రజ్ఞులు వివరించారు. ఋతువును బట్టి కనబడినందున దీనికి 'సీజన్ క్రాకింగ్' అని పేరు వచ్చింది. గుల్లలను తగుమాత్రం వేడిచేసి లోపలి ఒత్తిడిని పోగొట్టడం దీనికి విరుగుడు. లోహశాస్త్ర విద్యార్థులకు ఇది నేటికీ పాఠ్యాంశమే.

.450 నిషేధం

1907 ప్రాంతంలో భారత ప్రభుత్వం .450 వ్యాసం గల రైఫిళ్ళను, తూటాలను దిగుమతి చేసుకోరాదని నిషేధించింది. సైన్యంలో వాడిన మార్టినీ-హెన్రీ రైఫిళ్ళు తిరుగుబాటుదారుల చేతికి చిక్కాయి. వాటి తూటాలు కూడా అదే వ్యాసానివి. వేటకని తెచ్చిన తూటాల నుండి గుండ్లు ఊడదీసి ఆ సైనిక తూటాలలో నింపుతారేమోనని ప్రభుత్వం భయపడింది. అంటే ఈ నిషేధానికి మూలం పునర్నింపు భయమే. భారతదేశపు గిరాకీ పోగొట్టుకోలేక ఇంగ్లాండులోని తుపాకి సంస్థలు వెంటనే .465, .470, .475 వంటి కొత్త కొలతలను సృష్టించాయి. వీటిలో .470 నేటికీ ఆఫ్రికాలో వాడుకలో ఉంది.

తెలుగునాట వేట

హైదరాబాదు సంస్థానంలో వేట రాచరిక వినోదంగా సాగింది. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ (పాలన 1869–1911) పులుల వేటగాడిగా పేరుపొందాడు. 1902లో వైస్రాయి కర్జన్ వరంగల్లు ప్రాంతంలోని నెక్కొండ వద్ద వేటాడిన పులితో దిగిన ఛాయాచిత్రాన్ని ఆస్థాన ఛాయాగ్రాహకుడు రాజా దీన్‌దయాళ్ సంస్థ తీసింది. నిజాముల వేటస్థలాలైన పోచారం, నేటి వనస్థలిపురంలోని హరిణ వనస్థలి తరువాతి కాలంలో వన్యప్రాణి రక్షిత ప్రాంతాలుగా మారాయి.

రాజులకు విలాయతీ తూటాలుంటే, అడవి గ్రామాలలో నాటు తుపాకులుండేవి. భర్మార్ అని పిలిచే వీటిలో గొట్టం మూతి నుండే మందు, సీసపు రవ్వలు పోసి కూరతారు. కొలత అంతా చేతి అంచనాయే కావడంతో గొట్టం పగిలే ప్రమాదం వీటిలో ఎక్కువ.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం, దానికి 1991లో చేసిన సవరణ వేట వినోదానికి స్వస్తి చెప్పాయి. మనుషులకు ప్రమాదకరంగా మారిన జంతువులను చంపడానికి మాత్రం రాష్ట్ర ప్రధాన వన్యప్రాణి సంరక్షణాధికారి అనుమతించవచ్చు.

కంచన్‌బాగ్ పరిశోధనలు

గుండు ఎంత బరువైనదైతే వేగాన్ని అంతగా నిలుపుకొంటుంది. సీసం సాంద్రత ఘన సెంటీమీటరుకు 11.3 గ్రాములు కాగా, టంగ్‌స్టన్‌ది 19.3 గ్రాములు. అందువలన ట్యాంకుల కవచాన్ని భేదించే శలాకలను టంగ్‌స్టన్ మిశ్రమలోహంతో చేస్తారు. టంగ్‌స్టన్ 3400 డిగ్రీల సెల్సియస్‌కు పైగా వేడిచేస్తే గాని కరగదు కాబట్టి, దాని పొడిని నికెలు, ఇనుము పొడులతో కలిపి అదిమి కాల్చి ముద్దచేస్తారు. భారతదేశంలో ఈ విధానాన్ని రూపొందించినది హైదరాబాదు పాతనగరానికి ఆగ్నేయంగా కంచన్‌బాగ్‌లో ఉన్న రక్షణ లోహశాస్త్ర పరిశోధనాలయం (డి.ఎం.ఆర్.ఎల్.). దీనిని 1963లో స్థాపించారు. ఈ పరిజ్ఞానంతోనే తిరుచిరాపల్లిలో శలాకల కర్మాగారం ఏర్పడింది. గుండును ఆపే విద్య కూడా ఇక్కడే వృద్ధి చెందింది. అర్జున్ ట్యాంకుకు ఈ పరిశోధనాలయం తయారుచేసిన కవచానికి ఊరి పేరు మీదుగా 'కంచన్' అని పేరుపెట్టారు. ప్రత్యేక లోహాలు తయారుచేసే మిశ్రధాతు నిగమ్ (మిధాని) 1973లో కంచన్‌బాగ్‌లోనే ఏర్పడింది.

చట్టం

1959 నాటి ఆయుధ చట్టం ప్రకారం 'మందుగుండు' అంటే పూర్తి తూటా మాత్రమే కాదు. దాని విడిభాగాలు, దానిని తయారుచేసే యంత్రాలు కూడా ఆ నిర్వచనంలోకి వస్తాయి. 5వ సెక్షను ప్రకారం తయారీకి వేరుగా లైసెన్సు ఉండాలి. తుపాకి ఉంచుకొనే లైసెన్సు దీనికి చాలదు. 2019 సవరణ తరువాత, అక్రమ తయారీకి ఏడేళ్ళకు తక్కువ కాకుండా యావజ్జీవం వరకు శిక్ష పడవచ్చు. మందు నిలువకు పేలుడు పదార్థాల చట్టం (1884) కూడా వర్తిస్తుంది. అనగా ఖాళీ గుల్లను తిరిగి నింపడం చట్టం దృష్టిలో పాతదానిని బాగుచేసుకోవడం కాదు, కొత్త తూటాను తయారుచేయడమే.