వంతెన మీద తలల లెక్క

2025 ఆగస్టు 3, ఆదివారం. వాన కురుస్తుండగానే సిడ్నీ హార్బర్ బ్రిడ్జి మీద గాజా కోసం ఊరేగింపు సాగింది. పోలీసులు వద్దన్నా, ముందురోజే న్యూసౌత్‌వేల్స్ సుప్రీంకోర్టు న్యాయమూర్తి బెలిండా రిగ్ అనుమతి ఇచ్చారు. వచ్చిన జనం ఎంతమంది? 90 వేలన్నారు పోలీసులు. మూడు లక్షల దాకా ఉంటారన్నారు నిర్వాహకులు. వంతెన ఒకటే, వాన ఒకటే, తేడా మాత్రం రెండు లక్షల మంది!

మనకిది కొత్తేమీ కాదు. సభ పెట్టినవాళ్లకు ఇసుక వేస్తే రాలనంత జనం కనిపిస్తారు, ఎదుటి పార్టీకి ఖాళీ కుర్చీలే కనిపిస్తాయి. 2011 మార్చి 10న హైదరాబాద్ ట్యాంక్‌బండ్ మీద తెలంగాణ కోసం జరిగినదానికైతే అంకెను ముందే పేరులో పెట్టేశారు: మిలియన్ మార్చ్. ఆస్ట్రేలియాకూ ఇది పాతదే: మెల్‌బోర్న్‌లో 1970 మే 8న లేబర్ పార్టీ ఎంపీ జిమ్ కెయిన్స్ ముందు నడిచిన వియత్నాం యుద్ధ వ్యతిరేక ప్రదర్శనకు 70 వేల మంది వచ్చారని కొందరు, లక్ష అని కొందరు ఇప్పటికీ రాస్తూనే ఉన్నారు.

ఆ యుద్ధం మీద నిరసనలే ఈ లెక్కకు ఒక దారి చూపాయి. అమెరికాలోని బర్కిలీలో హెర్బర్ట్ జేకబ్స్ అనే జర్నలిజం అధ్యాపకుడు విద్యార్థుల సభల ఫొటోలు ముందేసుకుని, మైదానాన్ని గళ్లుగా విడగొట్టి, గడికెందరో లెక్కేశాడు. జనం పలచగా ఉంటే మనిషికి పది చదరపు అడుగులు, ఒత్తుగా ఉంటే నాలుగున్నర అని 1960ల చివర్లో తేల్చాడు. పత్రికలవాళ్లు నేటికీ వాడే సూత్రం ఇదే.

దాన్ని సిడ్నీకి తెద్దాం. వంతెన పొడవు 1,149 మీటర్లు, వెడల్పు దాదాపు 49 మీటర్లు. అంటే సుమారు ఆరు లక్షల చదరపు అడుగులు. పలచగా అయితే 60 వేల మంది, ఒత్తుగా నిలబెడితే లక్షా ముప్పయి వేల పైచిలుకు పడతారు. రైలు పట్టాల చోటు తీసేస్తే ఇంకా తగ్గుతారు.

మరి 2000 మే 28న ఇదే వంతెన దాటినవాళ్లు రెండున్నర లక్షలని ఎలా అన్నారు? ఆదివాసులతో సయోధ్య కోరుతూ సాగిన నడక అది. ప్రధాని జాన్ హోవర్డ్ ప్రభుత్వం తరఫున క్షమాపణ చెప్పనంటే, ఆకాశంలో ఓ విమానం పొగతో ‘సారీ’ అని రాసింది. ఆ మాట పార్లమెంటులో వినిపించడానికి 2008 దాకా, ప్రధానిగా కెవిన్ రడ్ వచ్చేదాకా ఆగాల్సి వచ్చింది. నడక మాత్రం ఆరోజు దాదాపు ఆరు గంటలు సాగింది. నిమిషానికి ఏడు వందల మంది దాటితే రెండున్నర లక్షలు అవుతుంది. అంత వెడల్పు రోడ్డు మీద అది నమ్మదగ్గ వేగమే. నిలబడ్డ జనాన్ని చోటుతో కొలవాలి, నడిచే జనాన్ని గడియారంతో కొలవాలి.

2025లో గడియారం లెక్కా కుదరలేదు. తొక్కిసలాట జరుగుతుందన్న భయంతో పోలీసులు మధ్యలోనే జనం ఫోన్లకు సందేశాలు పంపి, వెనక్కి తిరగమన్నారు. దాంతో వంతెన ఎక్కినవాళ్లు అటూ ఇటూ రెండుసార్లు కనిపించారు, వెనక వీధుల్లో ఆగినవాళ్లలో ఎందరో అసలు ఎక్కనే లేదు. నా మటుకు 90 వేలు ఒక క్షణాన వంతెన మీద కిక్కిరిసిన జనానికి దగ్గరగా అనిపిస్తుంది. నిర్వాహకుల అంకె నిజం కావాలంటే వీధుల్లో వేచి ఉన్నవాళ్లను కూడా కలపాలి. వాళ్లను కలపాలా వద్దా అన్నది గళ్లు గీసి తేల్చే సంగతి కాదు.