మోకాలి ఆపరేషన్ ముందు ఇచ్చే ఫారం ఎందుకు?

ఇంగ్లండ్‌లో ఎన్‌హెచ్‌ఎస్ తరఫున మీకో, మీ ఇంట్లోవాళ్ళకో మోకాలి లేదా తుంటి మార్పిడి ఆపరేషన్ ఉంటే ముందుగా ఒక ఫారం ఇస్తారు. దాన్ని ప్రామ్స్ అంటారు. 2009 ఏప్రిల్ నుంచి ఉంది. ఆపరేషన్ అయిన ఆరు నెలలకు అలాంటిదే మళ్ళీ వస్తుంది. రెండింటికీ తేడా చూసి, ఏ ఆసుపత్రిలో రోగులకు ఎంత మేలు జరిగిందో లెక్కగట్టి ప్రచురిస్తారు. ఈ లెక్క డాక్టరు చెప్పేది కాదు, మీరు చెప్పేది.

మోకాలికి 12 ప్రశ్నలుంటాయి. గత నాలుగు వారాల్లో రాత్రిపూట నొప్పి ఉందా, మెట్లు దిగగలిగారా, సరుకులు మీరే తెచ్చుకోగలిగారా, ఇలా. ఒక్కోదానికి 0 నుంచి 4, మొత్తం 48. ఎక్కువ వస్తే మోకాలు బాగున్నట్టు. మనవాళ్ళు మొహమాటానికి "పర్లేదు" అని టిక్ పెట్టేస్తారు. అలా ముందు నొప్పి తగ్గించి రాస్తే, తర్వాత కలిగిన మేలు కూడా లెక్కలో తగ్గిపోతుంది.

బాసింపట్టు వేసుకోగలరా అని మాత్రం అందులో అడగరు. నేల మీద కూర్చుని భోజనం, పూజ, నమాజు మీకు ముఖ్యమైతే సర్జన్‌కి ముందే చెప్పండి. కొత్త మోకాలితో అవి చాలామందికి కష్టమే.

ఇంగ్లీషు రాకపోతే అపాయింట్‌మెంట్ లెటర్ రాగానే ఫోన్ చేసి తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని అడగండి, డబ్బు కట్టక్కర్లేదు. పిల్లల చేత చెప్పించొద్దు. ఏదైనా ఇబ్బందైతే ఆసుపత్రిలోనే పాల్స్ డెస్క్ ఉంటుంది. ఫారం నింపకపోయినా ఆపరేషన్ ఆగదు, నింపితే ఆ జవాబులు మీ కంపెనీకి వెళ్ళవు.