నడకకు ముందు తిన్నది, రక్తంలో చక్కెర

బెంగళూరు సర్జాపుర వైపు అపార్టుమెంట్లలో తెలుగువాళ్లకు కొదవ లేదు. పొద్దున్నే నడకకో పరుగుకో బయల్దేరే ముందు ఒకరు అరటిపండు తింటారు, ఒకరు రాగిజావ తాగుతారు, ఇంకొకరు కాఫీతో సరిపెడతారు. వీటిలో ఏది మేలు అన్న ప్రశ్నకు ఆధారాలు ఉన్నాయి కానీ, వాట్సాప్‌లో తిరిగేంత గట్టివి కావు.

ఒకే మోతాదు పిండిపదార్థం ఉన్నా ఏ ఆహారం రక్తంలో చక్కెరను ఎంత పెంచుతుందో కొలిచే గ్లైసెమిక్ ఇండెక్స్‌ను డేవిడ్ జెంకిన్స్ బృందం 1981లో ప్రతిపాదించింది. పదేళ్లకు, 1991లో, శిక్షణ పొందిన 8 మంది సైక్లిస్టులకు వ్యాయామానికి గంట ముందు ఈ ఇండెక్స్ తక్కువున్న పప్పుధాన్యం ఒకసారి, ఎక్కువున్న ఆలుగడ్డ ఒకసారి పెట్టి చూశారు. పప్పు తిన్న రోజున సుమారు 20 నిమిషాలు ఎక్కువసేపు తొక్కగలిగారు. అయితే 1996లో ఫెబ్రాయో, స్టివార్ట్ అనే పరిశోధకులు ఇలాగే పరీక్షిస్తే సామర్థ్యంలో తేడా కనిపించలేదు. ఇవన్నీ చిన్న ప్రయోగాలు, అదీ ఆటగాళ్ల మీద.

తిని వ్యాయామం చేస్తే మొదట్లో రక్తంలో చక్కెర పడిపోవడం మాత్రం నిజమే. తిన్న అరగంటకో ముప్పావుగంటకో ఇన్సులిన్ బాగా పెరిగి ఉంటుంది. సరిగ్గా అప్పుడే కదలడం మొదలుపెడితే కండరాలు ఇన్సులిన్ సాయం లేకుండా కూడా గ్లూకోజ్‌ను లాక్కుంటాయి. రెండూ కలిసి మొదటి అరగంటలో కొందరిలో చక్కెరను డెసిలీటరుకు 70 మి.గ్రా. కిందికి దించుతాయి. ఎక్కువమందిలో అది తనంతట తానే సర్దుకుంటుంది. 2003లో వ్యాయామానికి 15, 45, 75 నిమిషాల ముందు 75 గ్రాముల గ్లూకోజ్ ఇచ్చి చూసినా సైక్లిస్టుల సామర్థ్యం మారలేదు.

రాగి అనగానే చక్కెర నెమ్మదిగా పెరుగుతుందన్న నమ్మకం ఇక్కడ బలంగా ఉంది. గింజ మెత్తటి పిండై, నీళ్లలో ఉడికి పలచటి జావ అయ్యాక ఆ నెమ్మదితనం చాలావరకు పోతుంది. బెల్లం పడితే చెప్పనక్కర్లేదు. పేరుకన్నా వండిన తీరు చూడటం మంచిది.

నా అంచనాలో మామూలు ఆరోగ్యవంతుడికి ఇడ్లీయా అరటిపండా అన్నది చిన్న విషయం. డయాబెటిస్ ఉన్నవారికి అసలు చూడాల్సింది మందు. ఒక్క మెట్‌ఫార్మిన్‌తో చక్కెర ప్రమాదకరంగా పడిపోవడం అరుదు. గ్లిమెపిరైడ్‌తోనో ఇన్సులిన్‌తోనో ఆ భయం ఉంటుంది. టైప్ 1 వారికి 2017 నిపుణుల సూచన స్పష్టం: గ్లూకోమీటర్‌లో 90 కన్నా తక్కువ చూపితే 10 నుంచి 20 గ్రాముల గ్లూకోజ్ తీసుకుని, అంకె 90 దాటాకే మొదలుపెట్టాలి. మిగతావారు తమ డాక్టరును అడిగి హద్దు తెలుసుకోవాలి.