బకెట్టు, గుడ్డతో బతుకు బాట
కాలనీల్లో కార్ల శుభ్రతతో యువతకు స్వయం ఉపాధి
ముందు నెలవారీ ఇళ్లు.. ఆ తర్వాతే షెడ్డు, రుణం

జిల్లా కేంద్రాల్లోనే కాదు, మండల కేంద్రాల్లోనూ ఇంటి ముందు కారు కనిపించడం ఇప్పుడు సాధారణమైంది. వాయిదాల మీద కొన్న కొత్త కారైనా, చేతులు మారి వచ్చిన పాత కారైనా దానిపై రోజూ దుమ్ము పడక తప్పదు. ఉదయాన్నే ఉద్యోగానికి, వ్యాపారానికి బయల్దేరే యజమానికి దాన్ని తుడుచుకునే తీరిక ఉండదు. ప్రతి వారం సర్వీసింగ్ కేంద్రానికి తీసుకెళ్లి గంటల తరబడి నిరీక్షించే ఓపికా ఉండదు. ఈ అవసరమే చదువుకుంటున్న, చదువు ముగించి ఉద్యోగం కోసం ఎదురుచూస్తున్న యువతకు ఉపాధి మార్గంగా మారుతోంది.

ఈ రంగంలోకి దిగడం తేలిక. నిలదొక్కుకోవడంలోనే ఉంది కిటుకంతా. పెట్టుబడి, ఆదాయం, నీరు, అనుమతులు, రుణాలపై ముందే అవగాహన ఉంటే చేతులు కాల్చుకోకుండా ఉండవచ్చు.

రెండు దారులు

కార్ల శుభ్రత వ్యాపారాన్ని రెండు విధాలుగా చేయవచ్చు. మొదటిది రోడ్డు పక్కన స్థలం అద్దెకు తీసుకుని 'వాటర్ సర్వీసింగ్' బోర్డు పెట్టడం. దీనికి షెడ్డు, బోరు, నీళ్ల ట్యాంకు, అధిక ఒత్తిడితో నీటిని చిమ్మే యంత్రం, కంప్రెషర్, వాణిజ్య విద్యుత్ కనెక్షన్ అవసరం. పెట్టుబడి లక్షల్లోకి వెళుతుంది. బండ్లు వచ్చినా రాకపోయినా నెల తిరిగేసరికి అద్దె, కరెంటు బిల్లు, బ్యాంకు వాయిదా ఆగవు.

రెండోది తెల్లవారుజామునే కాలనీకి వెళ్లి ఇళ్ల ముందే కార్లను శుభ్రం చేయడం. దీనికి కావాల్సింది బకెట్లు, గుడ్డలు, ఓర్పు. పని కుదరకపోతే నష్టపోయేది రెండు మూడు వేల రూపాయలకు మించదు. అనుభవం లేని యువకులు రెండో దారిలో మొదలుపెట్టి, నమ్మకమైన ఇళ్లు కుదిరాక మొదటి దారి గురించి ఆలోచించడం శ్రేయస్కరం. షెడ్డు కట్టి కార్ల కోసం ఎదురుచూడటం కన్నా, కార్లు కుదిరాక షెడ్డు కట్టడంలో రిస్కు తక్కువ.

ఏమేం కావాలి?

రెండు బకెట్లు, ఒక మగ్గు, ఎనిమిది నుంచి పది మైక్రోఫైబర్ గుడ్డలు, చక్రాలకు వేరుగా ఒక బ్రష్షు, స్ప్రే సీసా, కార్ షాంపూ ఉంటే పని మొదలుపెట్టవచ్చు. దుకాణాన్ని బట్టి వీటన్నింటికీ సుమారు రూ.2 వేల నుంచి రూ.3 వేలు అవుతుంది. లోపలి భాగాల శుభ్రతకు వ్యాక్యూమ్ క్లీనర్ అవసరమే అయినా మొదటి నెలలోనే కొనాల్సిన పనిలేదు. నాలుగైదు ఇళ్లు కుదిరాక వచ్చిన ఆదాయంతో సమకూర్చుకోవచ్చు.

గుడ్డల విషయంలో పొదుపు పనికిరాదు. పాత చొక్కా ముక్కలు, గోనె గుడ్డలు రంగుపై సన్నని గీతలు పెడతాయి. పైభాగానికి, అద్దాలకు, లోపలి భాగాలకు, చక్రాలకు వేర్వేరు రంగుల గుడ్డలు కేటాయించుకుంటే పొరపాటు జరగదు. కింద పడిన గుడ్డను ఉతికిన తర్వాతే మళ్లీ వాడాలి. దానికి అంటిన ఒక్క ఇసుక రేణువు చాలు, బానెట్‌పై గీత పడటానికి.

ఆదాయం లెక్క

ధర ఊరిని బట్టి, కారు పరిమాణాన్ని బట్టి మారుతుంది. లెక్క కోసం ఒక కారుకు నెలకు రూ.600 అనుకుందాం. వారంలో ఆరు రోజుల పని. అందులో రెండు రోజులు నీటితో కడగడం, నాలుగు రోజులు తడి గుడ్డతో తుడవడం అని ఒప్పందం. పది కార్లు కుదిరితే రోజుకు మూడు లేదా నాలుగు కార్లు కడగాలి, మిగిలినవి తుడవాలి. కడగడానికి 25 నిమిషాలు, తుడవడానికి 12 నిమిషాల చొప్పున వేసుకుంటే సుమారు మూడు గంటల పని. ఉదయం 5.30కు మొదలుపెడితే 8.30కి ముగుస్తుంది.

పది కార్లపై నెలకు రూ.6 వేలు వస్తుంది. షాంపూ, గుడ్డలు, బండి పెట్రోలుకు రూ.800 పోతే మిగిలేది రూ.5,200. నెలకు 26 రోజులు, రోజుకు మూడు గంటల చొప్పున 78 గంటలు. అంటే గంటకు దాదాపు రూ.67. నెలలో రెండు ఆదివారాలు రెండేసి కార్ల లోపలి భాగాలను ఒక్కొక్కటి రూ.400 చొప్పున శుభ్రం చేస్తే మరో రూ.1,600 తోడవుతుంది.

డిగ్రీ చదివే విద్యార్థికి ఫీజులకు, బస్‌పాస్‌కు, పోటీ పరీక్షల పుస్తకాలకు ఈ మొత్తం ఆసరా అవుతుంది. కుటుంబాన్ని పోషించడానికి మాత్రం చాలదు. ఇక్కడే ఒక చిక్కుంది. యజమానులందరికీ కారు ఉదయం 9 గంటల్లోపే సిద్ధంగా ఉండాలి. అడిగే ఇళ్లు ఎన్ని ఉన్నా ఒక మనిషి ఆ వేళలో పది, పన్నెండు కార్లకు మించి చేయలేడు. అంతకుమించి ఒప్పుకొంటే పని నాణ్యత పడిపోయి ఉన్న ఇళ్లూ పోతాయి. వ్యాపారం పెరగాలంటే రెండో మనిషిని తీసుకోవాలి. ద్విచక్ర వాహనాలను, పగటిపూట ఇంటివద్దే ఉండే కార్లను చూసుకోవడం మరో మార్గం.

కడిగే తీరు

దుమ్ము పట్టిన కారును పొడి గుడ్డతో తుడవడం అందరూ చేసే పని. రంగును ఎక్కువగా దెబ్బతీసేదీ అదే. ముందుగా నీళ్లు చల్లి దుమ్మును జార్చాలి. ఒక బకెట్లో షాంపూ నీళ్లు, రెండో బకెట్లో గుడ్డ జాడించడానికి మంచినీళ్లు ఉంచుకోవాలి. పైకప్పుతో మొదలుపెట్టి అద్దాలు, బానెట్, తలుపుల మీదుగా కిందికి రావాలి. అడుగు భాగం, చక్రాలు చివరన శుభ్రం చేయాలి. అక్కడ ఇసుక, బ్రేకుల పొడి ఎక్కువగా ఉంటాయి.

బట్టల సోడా, గిన్నెలు తోమే సబ్బు వాడితే కారుపై ఉన్న మైనపు పూత పోతుంది. ఎండలో కడిగితే నీరు ఆరిపోయి మరకలు నిలుస్తాయి. పక్షుల రెట్టలు, చెట్ల జిగురు గట్టిపడితే గీకకూడదు. తడి గుడ్డను కొద్ది నిమిషాలు వాటిపై పరచి, నానాక మెల్లగా తీయాలి. ఇంజిన్ భాగంలో వైర్లు, ఎలక్ట్రానిక్ పరికరాలు ఉంటాయి కనుక అక్కడ నీళ్లు చిమ్మకూడదు. విద్యుత్ కారు ఛార్జింగ్‌లో ఉండగా కడగకపోవడం మంచిది.

ద్విచక్ర వాహనమైతే ఇంజిన్, సైలెన్సర్ చల్లారాకే నీళ్లు పోయాలి. కడిగిన తర్వాత చైనుకు నూనె వేయాలి.

నీరే కీలకం

మన జిల్లాల్లో వేసవి వస్తే బోర్లు అడుగంటుతాయి. తాగడానికి ట్యాంకరు కోసం బిందెలు వరుస కట్టే వీధిలో కారుపై పైపుతో నీళ్లు పోస్తే గొడవ తప్పదు. 2024 మార్చిలో నీటి ఎద్దడి తీవ్రమైనప్పుడు బెంగళూరు జల మండలి కార్లు కడగడానికి తాగునీటిని వాడరాదని ఆదేశించి, అతిక్రమిస్తే రూ.5 వేల జరిమానా విధిస్తామని ప్రకటించింది.

పైపు నుంచి నిమిషానికి పది లీటర్లు వస్తుందనుకుంటే పావుగంటలో 150 లీటర్లు పోతాయి. బకెట్టు, మగ్గుతో జాగ్రత్తగా చేస్తే రెండు మూడు బకెట్లు, అంటే 50 లీటర్లలోపే పని ముగుస్తుంది. పది కార్లను వారానికి రెండుసార్లు కడిగితే ఈ తేడా 2 వేల లీటర్లు. నీరు ఆదా చేస్తామన్న మాట ఇంటి యజమానికి ముందే చెప్పగలిగితే పని దొరకడం సులువవుతుంది. వేసవి మూడు నెలలు వారానికి ఒక్కసారే కడిగి, మిగిలిన రోజులు తడి గుడ్డతో తుడిచేలా ఒప్పందం చేసుకోవాలి.

చాలాచోట్ల బోరు నీటిలో లవణాలు ఎక్కువ. ఆ నీరు ఆరితే అద్దాలపై, నల్ల రంగు కార్లపై తెల్లని చుక్కలు నిలుస్తాయి. అలాంటి చోట కడిగిన వెంటనే పొడి మైక్రోఫైబర్ గుడ్డతో తడి మొత్తం లాగేయాలి.

వాచ్‌మన్ పొట్ట కొట్టొద్దు

అపార్టుమెంట్లలో కార్లు తుడిచే పని సాధారణంగా వాచ్‌మన్ కుటుంబానిది. చాలీచాలని జీతానికి ఆ నాలుగు డబ్బులే ఆసరా. తక్కువ ధర చెప్పి ఆ పని లాక్కుంటే ఒక పేద కుటుంబం నోటి దగ్గర కూడు తీసినట్లే. పైగా గేటు దగ్గర ఉండే మనిషితో వైరం పెట్టుకుని లోపల పని చేయడమూ కష్టమే. అందుకే కొత్తగా మొదలుపెట్టేవారు వాచ్‌మన్ లేని సొంత ఇళ్ల కాలనీలను ఎంచుకోవాలి. అపార్టుమెంట్లలో అయితే అతడు చేయని లోపలి శుభ్రత, సీట్ల శుభ్రత వంటి పనులు అతడితో మాట్లాడుకునే చేయాలి. సంఘం అనుమతి, గుర్తింపు పత్రం నకలు ఇవ్వడం తప్పనిసరి.

నమ్మకమే నిలబెడుతుంది

తొలిరోజే యజమాని సమక్షంలో కారు చుట్టూ ఫొటోలు తీసి, అప్పటికే ఉన్న గీతలు, సొట్టలు చూపించాలి. తర్వాత వచ్చే వివాదాలకు ఇదే విరుగుడు. తాళంచెవులు దగ్గర ఉంచుకోకూడదు. లోపలి భాగం శుభ్రం చేసేటప్పుడు ఇంటివారు ఎవరైనా ఉండేలా చూసుకోవాలి. సీటు కింద రూపాయి బిళ్ల దొరికినా అప్పగించాలి. చేతిలో అద్దం విరిగితే దాచకుండా చెప్పి, ఖర్చు భరించాలి.

ఏ రోజు కడుగుతారు, ఏ రోజు తుడుస్తారు, సెలవులెన్ని, వాన పడితే ఏం చేస్తారు అన్నవి కాగితంపై రాసి ఇవ్వాలి. డబ్బులు ప్రతినెలా 5వ తేదీలోపు తీసుకునేలా మాట్లాడుకోవాలి. పరీక్షలున్నా, ఊరెళ్లాల్సి వచ్చినా రెండు రోజుల ముందే చెప్పాలి. చెప్పకుండా మూడు రోజులు మానేస్తే నాలుగో రోజు ఆ ఇంట్లో మరొకరు కనిపిస్తారు.

దసరా నాటి గిరాకీ

ఏడాదంతా గిరాకీ ఒకేలా ఉండదు. ఆయుధ పూజకు ముందురోజు వాహనం కడిగించని ఇల్లు అరుదు. ఆ రెండు రోజులకు ముందే పేర్లు రాసుకుని, సాయానికి స్నేహితులను పిలుచుకోవాలి. పూజ తర్వాత కూడా పని ఉంటుంది. బానెట్‌పై పసుపు, కుంకుమ ఎండలో ఎక్కువసేపు ఉంటే లేత రంగులపై మరక పడుతుంది. మరుసటి రోజే కడగాలి. పెళ్లిళ్ల కాలంలో పూల అలంకరణకు అంటించిన టేపుల జిగురు తొలగించడం, శబరిమల వంటి దూర యాత్రల నుంచి తిరిగొచ్చిన బండ్ల లోపలి శుభ్రత అదనపు ఆదాయాన్నిస్తాయి.

షెడ్డు పెట్టాలనుకుంటే..

ఏడాది పాటు ఇళ్లు నిలబడి, రెండో మనిషికీ పని దొరుకుతుంటే అప్పుడు షెడ్డు గురించి ఆలోచించవచ్చు. దీనికి మున్సిపాలిటీ లేదా పంచాయతీ నుంచి వ్యాపార అనుమతి తీసుకోవాలి. నూనె, మడ్డి కలిసిన నీరు నేరుగా కాలువలోకి పోకుండా మట్టి, నూనె వేరుపడే తొట్టెలు కట్టుకోవాలి. కాలుష్య నియంత్రణ మండలి నిబంధనలను ముందే తెలుసుకోవాలి. కొత్త బోరు వేయాలంటే 2002 నాటి నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టం (వాల్టా) వర్తిస్తుంది కనుక తహసీల్దారు కార్యాలయంలో విచారించాలి. తడిలో యంత్రం నడుస్తుంది కాబట్టి ఎర్తింగ్, విద్యుదాఘాతం నుంచి కాపాడే స్విచ్చు లేకుండా పని మొదలుపెట్టకూడదు.

సేవలపై ఏడాది రాబడి రూ.20 లక్షలు దాటే వరకు జీఎస్టీ నమోదు అక్కర్లేదు. 2020 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన ఉద్యమ్ నమోదు ఉచితం. దీనికి డబ్బు అడిగే దళారులను నమ్మవద్దు.

రుణ సదుపాయాలు

ముద్ర: 2015 ఏప్రిల్ 8న ప్రారంభమైన పథకం. శిశు విభాగంలో రూ.50 వేల వరకు, కిశోర్‌లో రూ.5 లక్షల వరకు హామీ లేకుండా రుణం ఇస్తారు. వ్యాక్యూమ్ క్లీనర్, చిన్న యంత్రం కొనడానికి శిశు రుణం సరిపోతుంది.

పీఎంఈజీపీ: 2008లో మొదలైంది. సేవారంగంలో యూనిట్ వ్యయ పరిమితిని 2022లో రూ.20 లక్షలకు పెంచారు. జనరల్ వర్గానికి పట్టణాల్లో 15 శాతం, గ్రామాల్లో 25 శాతం రాయితీ ఉంటుంది. ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీలు, మహిళలు తదితర ప్రత్యేక వర్గాలకు పట్టణాల్లో 25, గ్రామాల్లో 35 శాతం. కొత్త యూనిట్లకే వర్తిస్తుంది కనుక షెడ్డు కట్టాక దరఖాస్తు చేస్తే ప్రయోజనం ఉండదు. ఈ పథకాన్ని 2025-26 వరకు పొడిగించారు. తదుపరి వివరాలకు జిల్లా పరిశ్రమల కేంద్రాన్ని సంప్రదించాలి.

శిక్షణ: బ్యాంకులు నిర్వహించే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలు గ్రామీణ నిరుద్యోగులకు భోజన, వసతి సౌకర్యాలతో ఉచిత శిక్షణ ఇస్తాయి. లెక్కలు రాయడం, బ్యాంకు పనులు నేర్చుకోవడానికి ఇవి ఉపకరిస్తాయి.

వయసు: ఒప్పందాలు, రుణాలకు 18 ఏళ్లు నిండాలి. సాయం కోసం 14 ఏళ్లలోపు పిల్లలను కూలికి పెట్టుకోవడం చట్టరీత్యా నేరం.