మారిషస్ దీవిలో దాస్యవిమోచన దినము

హిందూ మహాసముద్రమున, మడగాస్కరునకు తూర్పుగా మారిషస్ అను చిన్న దీవి గలదు. ఏటేట ఫిబ్రవరి 1వ తేదీన ఆ దేశమున కచ్చేరీలకు, పాఠశాలలకు సెలవు. నైరుతి మూలనున్న లె మోర్న్ కొండ పాదమున జనులు గుమిగూడి, పుష్పమాలలుంచి, దాస్యమున మ్రగ్గిన పూర్వులను స్మరింతురు.

17వ శతాబ్దమున డచ్చివారు ఆ దీవికి మొదట బానిసలను తెచ్చిరి. తరువాత వచ్చిన ఫ్రెంచివారి యేలుబడిలో ఆ వ్యాపారము మిక్కిలి పెరిగెను. మడగాస్కరునుండి, తూర్పు ఆఫ్రికానుండి, కొంతవరకు భారతదేశమునుండియు మనుష్యులను పశువులవలె కొని తెచ్చిరి. ఫ్రాన్సు ప్రభుత్వము 1794లో బానిసత్వమును రద్దుచేసెను. కాని ఆ యాజ్ఞను అమలుజరుప 1796లో వచ్చిన ప్రతినిధులను దీవిలోని భూస్వాములు తిరిగి ఓడ యెక్కించిరి. 1810లో దీవి ఆంగ్లేయుల వశమయ్యెను. బ్రిటిష్ పార్లమెంటు 1833లో చేసిన చట్టము అచట 1835 ఫిబ్రవరి 1న అమలులోనికి వచ్చెను.

అయినను ఆనాడు లభించినది పూర్ణస్వేచ్ఛ కాదు. సామ్రాజ్యమందలి యజమానులకు నష్టపరిహారముగా 2 కోట్ల పౌనులు కేటాయింపబడెను. తరతరములు చాకిరి చేసినవారికి ఒక్క కాసైనను ముట్టలేదు. పైగా పని నేర్చుకొనువారను నెపమున వారు 1839 వరకు పాత యజమానుల కడనే ఉండవలసివచ్చెను.

లె మోర్న్ కొండ పారిపోయిన బానిసలకు ఆశ్రయమై యుండెను. విడుదల వార్త తెలుపుటకు వచ్చిన సైనికులను చూచి, తమ్ము పట్టుకొన వచ్చిరని తలచి, వారు శిఖరమునుండి దూకి ప్రాణములు విడిచిరని అచటి జనశ్రుతి. స్వేచ్ఛ నిచ్చుటకు వచ్చినవారిని సైతము నమ్మలేనంత భయమును దాస్యము కలిగించెనని ఆ కథ తెలుపుచున్నది.

బానిసల స్థానమున చెరకుతోటలకు ఒప్పందపు కూలీలు వచ్చిరి. 1834 నవంబరు 2న కలకత్తానుండి అట్లాస్ అను ఓడలో 36 మంది దిగిరి. తరువాతి కాలమున కోరంగి మున్నగు రేవులనుండి తెలుగువారును వెళ్ళిరి. వారికి అచట కోరంగీలను పేరు కలిగెను.

1968లో స్వతంత్రమైన మారిషస్, 21వ శతాబ్దారంభమున ఫిబ్రవరి 1, నవంబరు 2 తేదీలను వేర్వేరు సెలవు దినములుగా నెలకొల్పెను. ఇది ఉచితమైన యేర్పాటు. కూలీలు పడిన కష్టము గొప్పదే. కాని అమ్ముడుపోయిన మనుష్యుని వేదన వేరు. ఒకదాని నీడలో మరియొకటి మరుగుపడరాదు. 2008లో లె మోర్న్ ప్రపంచ వారసత్వ స్థలముల పట్టికలో చేరెను. ఈ రెండు చరిత్రలు మిగిల్చిన నష్టములను విచారించుటకు 2009లో ఏర్పడిన సత్యన్యాయ సంఘము 2011లో నివేదిక సమర్పించెను.

విమోచన దినము చట్టము చేసినవారిని పొగడుటకు మాత్రమే యైనచో దానివలన ప్రయోజనము స్వల్పము. తేదీ యొకటి నిర్ణయించినంతమాత్రమున పాత ఋణము తీరదు. ఆ ఋణము కలదని మరువకుండుటకే జనులు ఏటేట ఆ కొండ పాదమునకు చేరుచున్నారు.