వైద్యం ముందు, శాస్త్రాలు వెనుక: హైదరాబాదు వైద్య పాఠశాల తొలినాళ్లు

ఇంటర్మీడియట్‌లో బైపీసీ, అంటే జీవశాస్త్రంతో పాటు భౌతిక, రసాయన శాస్త్రాలు చదివినవారికే వైద్య కళాశాలలో చోటు దక్కాలన్న నియమం నేటివారికి ఎంత సహజంగా తోచినా, తెలుగునేల మీద పాశ్చాత్య వైద్యవిద్య అడుగుపెట్టిన రోజుల్లో అలాంటి నియమం లేదు, ఉండే వీలూ లేదు. నాలుగో నిజాం నాసిరుద్దౌలా కాలంలో, బ్రిటిష్ రెసిడెన్సీ వైద్యుడు విలియం క్యాంప్‌బెల్ మెక్లీన్ చొరవతో 1846లో హైదరాబాదు వైద్య పాఠశాల మొదలైనప్పుడు అక్కడ బోధనాభాష ఉర్దూ. చేరవచ్చిన యువకుల పూర్వవిద్య ప్రధానంగా ఫార్సీ, అరబ్బీ, ఉర్దూ గ్రంథాలది. చదువు ముగించినవారికి దక్కిన బిరుదు, యునానీ సంప్రదాయం నుంచి అరువు తెచ్చుకున్న ‘హకీం’.

ఆ నగరానికి పాశ్చాత్య విజ్ఞానం అప్పటికి బొత్తిగా కొత్తదని అనుకోవడం పొరపాటు. ‘పైగా’ అనే ప్రభువంశానికి చెందిన షమ్సుల్ ఉమరా ఫక్రుద్దీన్ ఖాన్ అంతకు ముందే యంత్రశాస్త్రం, ఖగోళం, నీరు, గాలి, వెలుగు, విద్యుత్తుల గురించి ఆరు ఉర్దూ గ్రంథాలను సిద్ధం చేయించి ‘సిత్తా షమ్సియా’ పేరుతో అచ్చు వేయించాడు. అయితే ఆ ఆరింటిలో నక్షత్రాల నడక, తులాదండాల లెక్క ఉన్నాయే గాని మనిషి శరీరం లేదు. అందువల్ల ఎముకలు, కండరాలు, నాళాల అమరికను వివరించే శరీరనిర్మాణ శాస్త్రాన్ని గాని, ఔషధాల గుణాలను చెప్పే శాస్త్రాన్ని గాని విద్యార్థి మొట్టమొదట వినేది వైద్య పాఠశాలలోనే. వైద్యానికి ముందు రావలసిన విజ్ఞానాన్ని వైద్యంతో కలిపి నేర్పే భారం పాఠశాల తన నెత్తినే వేసుకున్నదన్న మాట. ఆ భారం క్రమంగా విద్యార్థి భుజాల మీదికి మారిన తీరే ఈ చరిత్రలో అసలు విషయం.

ఇంగ్లండులో ఆ మార్పు హైదరాబాదు కన్నా ముందే మొదలైంది; లండన్ విశ్వవిద్యాలయం వైద్యపట్టం కోరేవారికి భౌతిక, రసాయన, వృక్ష, జంతు శాస్త్రాల్లో ‘ప్రిలిమినరీ సైంటిఫిక్’ అనే ముందస్తు పరీక్ష పెట్టింది. హైదరాబాదులో మాత్రం వైద్య పాఠశాల ఆధిపత్యం 1885లో ఎడ్వర్డ్ లారీ చేతికి వచ్చి, బోధన ఇంగ్లీషులోకి మళ్లుతున్న రోజుల్లో కూడా, పుస్తకం కన్నా కంటికే ఎక్కువ విలువ ఉండేది. క్లోరోఫాం ఇచ్చే పద్ధతే దీనికి తగిన సాక్ష్యం. తీయని వాసన గల ఆ ద్రవాన్ని గుడ్డమీద వేసి రోగి ముక్కుకు దగ్గరగా పట్టి, ఆవిరిని గాలితో కలిపి పీల్పించేవారు. మోతాదు మించితే ప్రాణం పోయేది. అలా పోయేటప్పుడు ముందు ఆగేది గుండెనా, ఊపిరా అన్న వివాదంలో లారీ ఊపిరి పక్షం వహించి, నాడి పట్టుకుని కూర్చోవద్దని, ఛాతీ, పొట్ట లేచిపడే తీరు మీదనే చూపు నిలపమని శిష్యులకు బోధించాడు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ పోషణలో 1888, 1889ల్లో జరిగిన రెండు క్లోరోఫాం కమిషన్లు, రెండోదాని కోసం లండన్ నుంచి వచ్చిన వైద్యుడు లాడర్ బ్రంటన్ సహా, ప్రధానంగా కుక్కలపై వందలాది ప్రయోగాలు చేసి ఆయన వాదాన్నే సమర్థించాయి. (క్లోరోఫాం మత్తు పలచగా ఉన్నప్పుడు కూడా గుండె లయ తప్పి హఠాత్తుగా ఆగవచ్చని 1911లో లెవీ అనే పరిశోధకుడు నిరూపించాడు, కనుక లారీ శిష్యులు అంత శ్రద్ధగా నేర్చుకున్న పాఠం సగమే నిజం.)

ఆ శిష్యుల్లో ఒకరు పార్సీ మహిళ రూపాబాయి ఫర్దూన్‌జీ. 1885లో చేరి 1889లో హకీం పట్టా పొంది, ప్రపంచంలోనే తొలి మహిళా మత్తువైద్యురాలిగా చరిత్రకెక్కిన ఈమె, రెసిడెన్సీ, అఫ్జల్‌గంజ్ ఆసుపత్రుల్లో రెండు దశాబ్దాల పాటు రోగులకు క్లోరోఫాం ఇచ్చిన తర్వాత, 1909లో ఎడింబరో వెళ్లి చదివినవి భౌతిక, రసాయన శాస్త్రాలు. నేటి విద్యార్థి వైద్య కళాశాలకు ముందే ముగించుకుని వచ్చే పాఠాలను ఆమె వృత్తి నడిమధ్యలో అందుకున్నది. దీన్ని కేవలం డిగ్రీల మోజుగా కొట్టిపారేయడం సబబు కాదు. ఉక్కపోతలో గుడ్డమీది ద్రవం ఎంత వేగంగా ఆవిరవుతుంది, తెరిచిన కిటికీల గాలిలో ఆ ఆవిరి పాలు ఎంతకు తగ్గుతుంది, వెలుగు తగిలిన సీసాలో క్లోరోఫాం ఎందుకు విషవాయువుగా విరిగిపోతుంది అన్నవి మత్తు ఇచ్చే మనిషికి నిత్యం ఎదురయ్యే ప్రశ్నలు. వాటికి జవాబు రోగి పొట్ట కదలికలో దొరకదు.

1918లో ఉర్దూ మాధ్యమంలో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఏర్పడి, దాని అనువాద విభాగం శాస్త్రగ్రంథాలను వరుసగా ఉర్దూలోకి తెచ్చిన తర్వాత, కింది తరగతుల్లో విజ్ఞానం, పై తరగతుల్లో వైద్యం అన్న మెట్లు హైదరాబాదులోనూ స్థిరపడ్డాయి. తీరాంధ్రంలో విశాఖపట్నం వైద్య కళాశాల 1923లో వెలిసింది; అయినా తక్కువ చదువుతో చేరి, తక్కువ కాలంలో ముగించుకుని, పల్లెల్లో ప్రాక్టీసు పెట్టుకునే లైసెన్షియేట్ వైద్యుల తరగతి మద్రాసు రాష్ట్రంలో ఇంకా కొనసాగింది. దేశమంతటా ఒకే స్థాయి వైద్యుడు ఉండాలని 1946లో భోర్ కమిటీ చేసిన సిఫారసుతో ఆ దారి మూతపడసాగింది. ఆ తర్వాత పీయూసీ, ప్రీ ప్రొఫెషనల్ కోర్సు, రెండేళ్ల ఇంటర్, ఎంసెట్, నీట్ అంటూ పేర్లు మారినా, శాస్త్రాలు ముందే నేర్చుకుని రావలసిన బాధ్యత మాత్రం విద్యార్థిదిగానే ఉండిపోయింది.

ఆ కట్టుబాటులో చిన్న సడలింపు 2023 నవంబరులో వచ్చింది. పన్నెండో తరగతి ముగిసిన తర్వాత జీవశాస్త్రాన్ని అదనపు సబ్జెక్టుగా చదివి గట్టెక్కినవారు కూడా నీట్ రాయవచ్చని జాతీయ వైద్య కమిషన్ ప్రకటించడంతో, గణితం తీసుకుని ఎంపీసీ చదివిన విద్యార్థికి తిరిగి వైద్యం వైపు మళ్లే వీలు కలిగింది.